కథ చదవండి, పరీక్ష పెట్టకండి

సంపాదకులు గారికి నమస్కారం.

బడులు తెరిచే జూన్ నెలలో తిరుపతి, చిత్తూరు పుస్తకాల అంగళ్ళు కిటకిటలాడతాయి. ఎల్‌కేజీలో చేరే బిడ్డకు చుక్కలు కలిపే పుస్తకం, నాలుగు గీతల కాపీ, రంగులు దిద్దే పుస్తకం, అట్టలు, లేబుళ్ళు అన్నీ కొంటారు. కథల పుస్తకం మాత్రం ఆ చీటీలో ఉండదు. అడిగితే "చదవడం వచ్చినాక కొనిద్దాంలే" అంటారు. చదవడం రాని వయసులోనే కథల పుస్తకంతో పని ఎక్కువ. అప్పుడు చదవాల్సింది బిడ్డ కాదు, అమ్మా నాయనా.

అక్షరం కంటికి పరిచయమయ్యేలోపు మాట చెవికి పరిచయమై ఉండాలి. 'తొండం' అనే మాటను కథల్లో పదేపదే విన్న బిడ్డ, ఒకటో తరగతిలో ఆ అక్షరాలను కూడబలుక్కుంటూ సగం దూరం రాగానే మాటను అందుకుంటుంది. వినని బిడ్డ అన్ని అక్షరాలూ తప్పులేకుండా పలికి కూడా "అంటే ఏంది టీచర్?" అని అడుగుతుంది. పుట్టినప్పటి నుంచే చదివి వినిపించేలా తల్లిదండ్రులకు చెప్పమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లోనే తన వైద్యులకు సూచించింది. మన దగ్గర 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ళ వయసును పునాది దశ అంది. 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్, మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని చెప్పి 2026-27ను గడువు పెట్టింది. ఆ గడువులు బడికి. ఇంటి పని అంతకు ముందే మొదలవ్వాలి. అదేమంత పెద్ద పని కాదు: రోజుకు పది నిమిషాలు, ఓ ఎనిమిది పుస్తకాలు. ఆ పది నిమిషాలు ఎందుకు చెడిపోతున్నాయో, ఎలా చేస్తే నిలబడతాయో రాస్తున్నాం. ఉత్తరం కొంచెం పొడుగే, మన్నించండి.

ముందుగా కూర్చోవడం సంగతి. బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుంటే పుస్తకం ఎవరో ఒకరికి తలకిందులవుతుంది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బిడ్డ వీపు మీ రొమ్ముకు ఆనేలా, పుస్తకం ఇద్దరి ముందూ తెరిచి పట్టుకోండి. వెలుతురు వెనక నుంచి పుస్తకం మీద పడాలి. ట్యూబులైటు ఎదురుగా ఉంటే నున్నటి కాగితం మెరిసి బొమ్మ కనపడదు. ఇద్దరు పిల్లలుంటే చెరోపక్కా ఒకరు, పేజీ తిప్పే హక్కు చిన్నవాడిది. టీవీ ఆపేయాలి. పక్క గదిలో సీరియల్ నడుస్తుంటే బిడ్డ చెవి అటే ఉంటుంది, మీ గొంతు పెరుగుతుంది, ఇక కథ అరుపుల్లోకి దిగుతుంది.

నెలల పిల్లలకు ఏం అర్థమవుతుందని అడుగుతారు. కథ అర్థం కాదు, గొంతు అర్థమవుతుంది. అప్పుడే పుట్టిన బిడ్డకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలోవే కాస్త స్పష్టంగా కనపడతాయి. కాబట్టి తెలుపు మీద నల్లటి పెద్ద బొమ్మ ఒకటి ఆ దూరంలో చూపించి, రెండు మాటలు చెప్పి, చాలించండి. ఆరు నెలలు దాటాక పుస్తకం నోట్లోకి పోతుంది. అది అల్లరి కాదు, ఆ వయసులో ఏ వస్తువునైనా తెలుసుకునే పద్ధతే అంత. మందపాటి అట్ట పేజీల పుస్తకం ఇచ్చి, తర్వాత తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. పిన్నులు కొట్టిన పుస్తకమైతే పిన్ను ఊడి గొంతులో పడే ప్రమాదం ఉంది. మూడేళ్ళలోపు పిల్లల చేతికిచ్చే ముందు పిన్నుల మీద లోపలా బయటా టేపు అంటించాలి, లేదా పిన్నులు తీసేసి దారంతో కుట్టాలి.

ఏడాది నుంచి రెండేళ్ళ బిడ్డ పేజీలు గబగబా తిప్పేస్తుంది. "ఆగు, ఇంకా చదవలేదు" అని చెయ్యి పట్టుకోకండి. పేజీకి ఒక్క మాట చాలు: "పిల్లి", తిప్పింది, "పాలు", తిప్పింది. రెండు మూడు నిమిషాలకు లేచి పోతే పోనివ్వండి. రెండు మూడేళ్ళ బిడ్డకు పేజీకి ఒకటి రెండు వరసలున్న 8 నుంచి 16 పేజీల పుస్తకం సరిపోతుంది. నాలుగేళ్ళు దాటాక పదిహేను ఇరవై నిమిషాలు కుదురుగా వింటారు. ఆరేళ్ళ వాడికి పెద్ద కథను రోజుకింత అని చదవొచ్చు. చదవడం వచ్చేసింది కదా అని రెండో తరగతిలో ఆపేయడం చాలామంది చేసే పొరపాటు. ఆ వయసులో బిడ్డ సొంతంగా చదవగలిగే కథ చిన్నది, విని అర్థం చేసుకోగలిగే కథ పెద్దది. ఎనిమిదేళ్ళ దాకా అయినా చదివి వినిపించాలి.

ఇక అసలు విషయం. కథ మొదలుపెట్టి రెండు వాక్యాలు కాకముందే "ఇది ఏ అక్షరం? ఇది ఏ రంగు? కోతులు ఎన్ని? కౌంట్ చెయ్" అంటారు. మూడో ప్రశ్నకు బిడ్డ ఒళ్ళోంచి జారిపోతుంది. మావాడికి కథలంటే ఇష్టం లేదండీ అని ఆ తర్వాత మనతో చెబుతారు. వాడికి ఇష్టం లేనిది కథ కాదు, పరీక్ష.

ఒకే పుస్తకాన్ని మూడు విధాలుగా చదవాలి. మొదటిసారి అడ్డులేకుండా చివరిదాకా చదివేయడం. అట్ట మీద పేరును వేలితో ఎడమ నుంచి కుడికి చూపిస్తూ చదవండి, రాసినవాళ్ళ పేరూ బొమ్మలు వేసినవాళ్ళ పేరూ చెప్పండి, ఆ తర్వాత కథే. బిడ్డ ఏదైనా అడిగితే ఒక్క ముక్కలో జవాబు చెప్పి ముందుకు పోండి. మర్నాడో ఆ మర్నాడో రెండోసారి చదివేటప్పుడు మాట్లాడించడం మొదలుపెట్టాలి. మూడు నాలుగుసార్లు అయ్యాక పుస్తకం బిడ్డ చేతికిచ్చి మీరు వినాలి.

రెండోసారి మాట్లాడించడానికి ఒక పద్ధతి ఉంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయన సహచరులు 1988లో ప్రచురించిన పని నుంచి వచ్చింది. అడగడం, వినడం, బిడ్డ అన్న మాటకు ఇంకో రెండు మాటలు చేర్చి తిరిగి చెప్పడం, దాన్ని బిడ్డచేత అనిపించడం, ఇంతే. మన శ్రీకాళహస్తి కథనే తీసుకుంటే ఇలా ఉంటుంది. పాము రోజూ శివుడి ముందు మణులు పెడుతుంది, ఏనుగు వచ్చి వాటిని తోసేసి తొండంతో నీళ్ళు పోసి మారేడాకులు పెడుతుంది, మళ్ళీ పాము వస్తుంది. ఆ పేజీ దగ్గర,

"ఏనుగు ఏం చేస్తా ఉంది?"

"నీళ్ళు."

"ఆఁ, నీళ్ళు పోస్తా ఉంది. తొండంతో నీళ్ళు పోస్తా ఉంది. నువ్వు చెప్పు చూద్దాం."

"తొండంతో పోస్తంది."

అక్కడితో ఆపి పేజీ తిప్పాలి. 'పోస్తంది' కాదు 'పోస్తా ఉంది' అనాలి అని దిద్దకూడదు. మీరు సరిగ్గా అన్న వాక్యం బిడ్డ చెవిలో పడింది, ఈసారికి అది చాలు. తర్వాతి పేజీలో "పాము వచ్చి చూస్తే మణులు లేవు. దానికి ఎట్లా అనిపించి ఉంటుంది?" అని అడిగితే మూడేళ్ళ బిడ్డ "కోపం" అంటుంది, నాలుగేళ్ళది "ఎవురు తీసినారో తెలీదు కదా, పాపం" అనొచ్చు. ఇలాంటి ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు, అందుకే అది పనికొస్తుంది. ప్రశ్న వేశాక మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టుకుని ఆగండి. పెద్దవాళ్ళు ఒక్క క్షణం కూడా ఆగరు, జవాబు తామే చెప్పేస్తారు. పసిపిల్లలకు మాట వెతుక్కోవడానికి ఆ వ్యవధి కావాలి. పేజీకి ఒక ప్రశ్నకు మించొద్దు. పుస్తకం మొత్తానికి నాలుగైదు చాలు.

ఇదే కథలో ఇంకో చిక్కుంది. చివరికి పాము ఏనుగు తొండంలోకి దూరుతుంది, రెండూ చనిపోతాయి. మూడేళ్ళ బిడ్డకు చెప్పాలా? తగాదా దగ్గరే ఆపేసి "ఇద్దరికీ దేవుడంటే ఇష్టమే, ఒకరి సంగతి ఒకరికి తెలీలేదు" అనొచ్చు, అబద్ధం కాదు. బిడ్డే "తర్వాత ఏమైంది?" అని అడిగితే చనిపోయాయని నేరుగా చెప్పాలి. నిద్రపోయాయి అని మాత్రం అనకండి; ఆ రాత్రి బిడ్డ పడుకోవడానికి భయపడుతుంది. అదే ఊరి కన్నప్ప కథ ఇంకా కష్టం. కన్ను పెకిలించుకునే బొమ్మ పెద్దవాళ్ళకు భక్తి, నాలుగేళ్ళ బిడ్డకు పీడకల. ఆరేడేళ్ళు వచ్చాక చెబితే తట్టుకుంటారు.

నీతి గురించి ఒక మాట. కథ అయిపోగానే "చూశావా, అబద్ధమాడితే ఏమైందో! నువ్వు కూడా అట్లా చేస్తే..." అని అందుకుంటాం. కథలోని నక్కను చూసి నవ్వుకుంటున్న బిడ్డ ఒక్కసారిగా తనే నక్కయిపోతుంది. కథలో ఉన్నది కథే చెప్పుకుంటుంది, మీరు పుస్తకం మూసేయండి. అన్నం ముద్దకు కథను ఎర వేయడమూ ఇలాంటిదే. "ఈ ముద్ద తింటేనే తర్వాతి పేజీ" అంటే కొన్నాళ్ళకు అన్నమూ చేదవుతుంది, పుస్తకమూ చేదవుతుంది.

చదివిన పుస్తకమే మళ్ళీ మళ్ళీ చదవమంటే విసుక్కోకండి. ఒకే కథను ఎన్నోసార్లు వినడం వల్లనే మాటలు నిలుస్తాయి. నోటితో చెప్పే కథకూ పుస్తకం చూసి చదివే కథకూ తేడా కూడా ఇక్కడే బయటపడుతుంది. అవ్వ చెప్పే కథ ప్రతిసారీ కొంచెం మారుతుంది, అది దాని అందం. పుస్తకంలోది మారదు. బాగా విన్న పుస్తకంలో మీరు నిద్రమత్తులో ఒక వరస ఎగ్గొడితే బిడ్డ పట్టేస్తుంది: "అది చదవలేదు!" మాటలు మీ నోట్లో కాక ఆ కాగితం మీద ఉన్నాయని బిడ్డకు తెలిసిపోయిందన్నమాట. అక్షరాలు నేర్పడానికి ముందు తెలియాల్సింది అదే. దాన్ని నేర్పే వర్క్‌బుక్ ఏదీ లేదు.

గొంతు మార్చడం రాదని చాలామంది నాన్నలు వెనకాడతారు. పులికో గొంతు, ఎలుకకో గొంతు పెట్టాల్సిన పనిలేదు. వేగం తగ్గించాలి, అవసరమైన చోట గొంతు తగ్గించాలి, పేజీ తిప్పేముందు ఆగాలి. ఇది నేర్చుకోవడానికి శిక్షణా తరగతులు అక్కర్లేదు. ఎండాకాలంలో మన పల్లెల్లో ధర్మరాజుల గుళ్ళ దగ్గర 18 రోజుల భారతం జరుగుతుంది కదా, మధ్యాహ్నం హరికథ వినండి. హరిదాసు ముఖ్యమైన మాట ముందు తాళం ఆపేస్తాడు, జనం మెడలు చాపుతారు. ఆయన పల్లవి ఎత్తుకుంటే జనం "గోవిందా" అని పూర్తి చేస్తారు. ఇంట్లో చెయ్యాల్సిందీ అదే. కథలో పదేపదే వచ్చే వాక్యాన్ని సగం చదివి ఆపితే మిగతా సగం బిడ్డ అందుకుంటుంది. ఏడు చేపల కథ ఇన్ని తరాలు నిలిచింది ఈ అందుకోవడం వల్లనే. మనకు ఊఁ కొట్టే అలవాటుంది, మంచిదే. కానీ ఊఁ కొట్టే బిడ్డ సగం నిద్రలో ఉండొచ్చు, వాక్యం పూర్తి చేసే బిడ్డ మాత్రం కచ్చితంగా కథలో ఉంటుంది.

వేలు పెట్టి ప్రతి మాటా చూపించడం మాత్రం వద్దు. అలా చేస్తే బిడ్డ బొమ్మ వదిలేసి వేలిని చూస్తుంది. కథ పేరు, తిరిగి తిరిగి వచ్చే వాక్యం, "ధబేల్" లాంటి పెద్దక్షరాల మాట, ఈ మూడింటికే వేలు.

భాష దగ్గర మన జిల్లాల వాళ్ళకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. పుస్తకంలో "వెళ్తున్నాడు" అని ఉంటుంది, పాత పుస్తకమైతే "వెళ్ళెను". ఇంట్లో "పోతా ఉండాడు" అంటాం. మూడేళ్ళలోపు బిడ్డకు మొహమాటం లేకుండా ఇంటి మాటలోకి మార్చి చదవండి. నాలుగేళ్ళు వచ్చాక అచ్చులో ఉన్నట్టే చదవండి, మొదటిసారి మాత్రం పక్కనే ఇంటి మాట చెప్పండి. రేపు బళ్ళో ఆ భాషే ఎదురవుతుంది, చెవికి ముందే తగిలి ఉండాలి. "వెళ్ళెను, చూచెను" అని నడిచే పుస్తకాలను మాత్రం పసిపిల్లలకు కొనకుండా ఉంటేనే మేలు.

నగరి, పుత్తూరు, చిత్తూరు, కుప్పం ఇళ్ళలో అమ్మ తమిళం, నాయన తెలుగు. కుప్పం వైపు కన్నడమూ కలుస్తుంది. రెండు భాషలు వింటే బిడ్డ తికమక పడుతుందనే భయం అక్కర్లేదు. అమ్మ తమిళ పుస్తకం, నాయన తెలుగు పుస్తకం చదవొచ్చు. ఒక్కటే జాగ్రత్త: ఎవరు ఏ పుస్తకం పట్టుకున్నా చివరిదాకా ఒకే భాషలో చదవాలి. ఇంగ్లీషు పుస్తకాల దగ్గర మనం చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. "ద డాగ్ అంటే కుక్క, రాన్ అంటే పరిగెత్తింది" అని ముక్కముక్కకూ అర్థం చెబుతాం. ఇంగ్లీషూ రాదు, కథా రాదు. బొమ్మలు బాగుంటే ఆ పుస్తకాన్ని తెలుగులోనే చెప్పేయండి. లేదా ముందు ఒకరోజు తెలుగులో కథంతా చెప్పి, మర్నాడు ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు చదవండి. కథ ముందే తెలుసు కాబట్టి మాటలు వాటంతట అవే అర్థమవుతాయి. ఇంగ్లీషు మీడియం బిడ్డకు తెలుగు కథలెందుకనే వాళ్ళకు మా జవాబు ఒక్కటే. ఒక భాషలో కథను పట్టుకున్న బిడ్డకు ఇంకో భాషలో పట్టుకోవడం తేలిక, ఏ భాషలోనూ పట్టుకోని బిడ్డకు రెండూ బరువే.

చదవడం రాని అవ్వా తాతల ఇంట్లో పెరిగే బిడ్డలున్నారు. మాటలు లేకుండా బొమ్మలతోనే నడిచే పుస్తకాలు దొరుకుతాయి, అవి వాళ్ళ కోసమే అనుకోండి. నాలుగో తరగతి అక్క చేత తమ్ముడికి చదివించినా మంచిదే. తడబడుతూ చదివే అక్కకు తనకంటే చిన్నవాడు వింటుంటే భయం పోతుంది. కొండమీద షిఫ్టు డ్యూటీలు, హోటళ్ళు, టాక్సీలు నడిపే నాన్నలకు రాత్రి తొమ్మిది గంటల కథ కుదరదు. పొద్దున స్కూలు వ్యాను వచ్చేముందు పది నిమిషాలు కూడా కథ సమయమే. బెంగళూరులోనో గల్ఫ్‌లోనో ఉన్న నాన్న అదే పుస్తకం ఇంకో ప్రతి దగ్గర పెట్టుకుని వీడియో కాల్‌లో చదవొచ్చు, ఇంట్లో బిడ్డ తన ప్రతిలో పేజీ తిప్పుకుంటుంది.

ఫోనులో కార్టూన్ కథలు చూపిస్తే సరిపోదా అంటారు. సరిపోదు. ఆ కథ బిడ్డ కోసం ఆగదు, "నీళ్ళు" అంటే "తొండంతో నీళ్ళు పోస్తా ఉంది" అని తిరిగి అనదు. భారత పిల్లల వైద్యుల సంఘం 2021 మార్గదర్శకాల ప్రకారం రెండేళ్ళలోపు పిల్లలకు తెర అసలు వద్దు, రెండు నుంచి ఐదేళ్ళ వాళ్ళకు రోజుకు గంటకు మించొద్దు. అయితే ఫోను పుస్తకాలు తెచ్చుకోవడానికి మాత్రం బ్రహ్మాండంగా పనికొస్తుంది. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితం, డౌన్‌లోడ్ చేసుకుని అచ్చు వేసుకోవడానికి అనుమతి కూడా ఉంది. నాలుగు స్థాయిలుగా ఉంటాయి. మొదటి స్థాయి కథలు 250 మాటల లోపు, రెండోది 600 దాకా. వయసు కంటే బిడ్డ ఎంతసేపు వింటుందో చూసి స్థాయి ఎంచుకోండి. అచ్చు పుస్తకాలైతే 1957లో మొదలైన నేషనల్ బుక్ ట్రస్ట్, చెన్నైలోని తూలిక, సికింద్రాబాద్ 'మంచి పుస్తకం' వాళ్ళవి తెలుగులో దొరుకుతాయి.

కొనేముందు అంగట్లోనే ఒక పేజీ పైకి చదివి చూడండి. ఒక వాక్యానికి రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వస్తే పక్కన పెట్టేయండి. బొమ్మలో ఉన్నదీ మాటల్లో ఉన్నదీ ఒకటేనా, అక్షరాలు బొమ్మ మీద పడి కలిసిపోలేదు కదా, ఇవి కూడా చూడాలి. కట్టలు కట్టలుగా అమ్మే 'ఒకే పుస్తకంలో 101 నీతికథలు' రకం వద్దు. పేజీకి ముప్పై వరసలు, మూలన తపాలాబిళ్ళంత బొమ్మ, చూసే బిడ్డకు చూడ్డానికేమీ ఉండదు.

కొనలేని వాళ్ళు చేసుకోవచ్చు, చేసుకున్నదానికి బిడ్డ దగ్గర ఉండే విలువే వేరు. ఏ4 కాగితాలు నాలుగు తీసుకుని మధ్యకు మడిస్తే 16 పేజీలు వస్తాయి. పైన పాత క్యాలెండరు మందపాటి కాగితం అట్టగా వేయండి. మడత మీద దబ్బనంతో మూడు చిల్లులు పెట్టండి, మధ్యలో ఒకటి, పైనా కిందా చెరొకటి, అంచుకు రెండు వేళ్ళ దూరంలో. సూదిని లోపలి నుంచి మధ్య చిల్లులో బయటికి తీసి, పై చిల్లులోంచి లోపలికి, లోపల్లోపలే కిందిదాకా వచ్చి కింది చిల్లులోంచి బయటికి, మళ్ళీ మధ్య చిల్లులోంచి లోపలికి తీసుకురండి. లోపల నిలువుగా పోయిన దారానికి అటొక కొస, ఇటొక కొస వచ్చేలా ముడి వేస్తే ఎన్నేళ్ళైనా ఊడదు. పేజీకి ఒక్క వాక్యం, పెద్ద అక్షరాల్లో. కథ ఏది? అమ్మమ్మ ఊరి మామిడితోట, రేణిగుంట స్టేషన్లో ఆగిన రైలు, జూలో చూసిన తెల్లపులి, గంగజాతరలో వేషం కట్టిన అన్న, ఏదైనా సరే. బిడ్డ చెప్పిన మాటలనే రాసి బొమ్మ బిడ్డచేతే వేయించండి. ఏది ఏనుగో, ఏది కొండో గుర్తుపట్టలేకపోయినా మార్చొద్దు, బిడ్డకు తెలుసు.

పుస్తకాలు అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తే చదివే అలవాటు రాదు. బిడ్డ చెయ్యి అందే ఎత్తులో, వెన్ను కాక అట్ట కనిపించేలా నిలబెట్టండి. మంచం పక్కన దారం కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీసినా చాలు. చినుగుతాయి, చినగనివ్వండి. చినిగిన మడతకు మామూలు సెల్లో టేపు వేస్తే ఏడాదికి పసుపెక్కి పెళుసవుతుంది. పలచటి తెల్లబట్ట ముక్కను ఫెవికాల్‌తో అంటిస్తే నిలుస్తుంది. మైదా జిగురు వద్దు, బొద్దింకలొస్తాయి.

ఏడాదిన్నర వచ్చినా బిడ్డ బొమ్మను వేలితో చూపకపోయినా, పిలిస్తే తిరగకపోయినా, రెండేళ్ళు దాటినా "అమ్మా రా" లాంటి రెండు మాటలు కలపకపోయినా "మావాళ్ళందరికీ మాటలు ఆలస్యమే" అని ఊరుకోకండి. పిల్లల డాక్టరుకు చూపించి ముందు చెవి పరీక్ష చేయించండి.

అంగన్‌వాడీల్లో, గ్రంథాలయాల్లో ఈ పని ఎందుకు జరగదో కూడా చెప్పుకోవాలి. పుస్తకాలు వస్తాయి, పోతే జవాబు చెప్పుకోవాలన్న భయంతో పెట్టెలోనే ఉంటాయి. ఏడాదికి కొన్ని పుస్తకాలు చినగడం, పోవడం ఖర్చు కింద రాసుకోవచ్చని అధికారులు ఒక్క కాగితం మీద రాసిస్తే ఆ పెట్టెలు తెరుచుకుంటాయి. గుడ్డసంచిలో ఒక పుస్తకం, వారం పాటు ఒక ఇంటికి; కాపీలో పేరు, తీసుకున్న తేదీ, ఇచ్చిన తేదీ, ఇంతకు మించి రిజిస్టరు అక్కర్లేదు. గుంపుకు చదివేటప్పుడు పదిహేను మందికి మించకుండా కూర్చోబెట్టి, పుస్తకాన్ని పక్కకు, పిల్లల కళ్ళ ఎత్తులో పట్టుకుని, ప్రతి పేజీనీ ఎడమ నుంచి కుడికి నిదానంగా తిప్పి చూపించాలి. చిన్న బొమ్మల పుస్తకం గుంపుకు పనికిరాదు. ఇక గ్రంథాలయాలకు 1960 చట్టం కింద మన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున పన్ను కడుతూనే ఉన్నాం. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాల్లో పిల్లలకు వ్యాసరచన పోటీలు పెట్టడం మామూలే. ఈసారి నాలుగేళ్ళ వాళ్ళకు రోజూ ఒక గంట కథ చదివి వినిపించడం పెట్టమని కోరుతున్నాం. చాప, రెండు అడుగుల ఎత్తు పుస్తకాల అర ఒకటి, చదివే మనిషి ఒకరు ఉంటే చాలు.

చివరగా మీకో విన్నపం. మీ పత్రికలో పిల్లల పేజీ వస్తుంది, సంతోషం. అందులో కథ ఇరుకు కాలమ్‌లో పడి, వరస చివర మాట విరిగి, కింద నల్లగీతల పెట్టెలో నీతి ఉంటుంది. చదివి వినిపించే అమ్మకు విరిగిన మాట దగ్గర నాలుక తట్టుకుంటుంది. వారానికి ఒక్క కథ 300 మాటల్లో వేయండి, నిదానంగా చదివితే నాలుగైదు నిమిషాలు పడుతుంది. వాక్యానికి ఎనిమిది మాటలు దాటొద్దు. తిరిగి వచ్చే వాక్యాన్ని లావు అక్షరాల్లో పెట్టండి, నీతి పెట్టె తీసేయండి. వీలైతే అర పేజీని ఎనిమిది గళ్ళు చేసి, కింది వరస నాలుగూ నిటారుగా, పై వరస నాలుగూ తలకిందులుగా అచ్చు వేయండి. మధ్య అడ్డమడత మీద నడిమి రెండు గళ్ళ మేర ఒక్క కత్తిరింపు పెట్టి మడిస్తే ఎనిమిది పేజీల చిన్న పుస్తకమవుతుంది. పత్రిక సిరా చేతికంటుతుంది కాబట్టి నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇవ్వొద్దని ఒక మూల రాయండి. మడిచాక వెనక వైపు కనపడదు, అక్కడ ప్రకటన వేసుకున్నా మాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
పసిపిల్లల చదువుతో పనిచేసే కొందరు ఉపాధ్యాయులు,
తిరుపతి